ముందు కరెంటు, తర్వాత పొగ

పెట్టెలోంచి తీసిన కొత్తలో మీ ట్యాంకు బాగానే పొగ వదిలి ఉంటుంది. కొన్నాళ్లకు పైపు చివర సన్నటి చార కూడా కనిపించడం మానేసింది. నూనె పోశారు. పైపులోకి ఊదారు. తిరగేసి కుదిపారు. అయినా లాభం లేదు. లేదంటే మీ ఇబ్బంది ఇంకోలా ఉందేమో: నేరుగా వెళ్తున్నంతసేపూ పొగ వస్తుంది, ట్యాంకు ఉన్నచోటే తిరగబోతే ఆగిపోతుంది, ఇంజను శబ్దం తడబడుతుంది, టరెట్ దానంతట అదే అదురుతుంది. వీటిలో ఏది మీ సమస్య అయినా ఈ అధ్యాయం మీకు పనికొస్తుంది.

1/16 సైజు రిమోట్ ట్యాంకులు నడిపేవాళ్లలో చాలామంది ఈ దశలో వెంటనే ఇంకా పెద్ద పొగ యూనిట్ ఆర్డరు పెడతారు. అది వచ్చి బిగించాక రెండు రోజులు సంబరం, మూడో రోజు బోర్డు మీద కాలిన వాసన. ఎందుకలా జరుగుతుంది? పొగ రావాలంటే వేడి కావాలి, వేడికి కరెంటు కావాలి. బ్యాటరీ నుంచి హీటరు దాకా ఉన్న దారి పాతదే ఉంచి చివరన ఉన్న వస్తువును మాత్రమే పెద్దది చేస్తే ఆ భారమంతా మధ్యలో ఉన్న చిన్న బోర్డు మీద పడుతుంది.

అందుకే మనం వెనక నుంచి మొదలుపెడదాం. బ్యాటరీ, తీగలు, పొగ లైను, హీటరు, చివరగా బోర్డు. ఈ వరసలో ఒక్కో మెట్టూ ఎక్కండి. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఫలితం చూసి, అప్పుడే తర్వాతి మెట్టుకు వెళ్లండి. మీకు ఎలక్ట్రానిక్స్ చదువు అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, కాస్త ఓపిక ఉంటే చాలు.

పొగ యూనిట్‌లో జరిగేది ఇదీ

హెంగ్ లాంగ్ లాంటి కంపెనీల ట్యాంకుల్లో పొగ యూనిట్ అంటే ఒక చిన్న గది, అందులో నూనె పీల్చుకునే వత్తి, వత్తి చుట్టూ సన్నటి హీటరు తీగ, గాలిని నెట్టే చిన్న పంపు. తీగ వేడెక్కితే నూనె ఆవిరవుతుంది. పంపు ఆ ఆవిరిని పైపులోకి నెడుతుంది. బయటి చల్లగాలి తగలగానే ఆవిరి సన్నటి తుంపరగా మారి తెల్లగా కనిపిస్తుంది. ఇందులో ఏదీ మండదు, మండకూడదు కూడా.

దీపారాధన చేసిన ప్రమిదను గుర్తు చేసుకోండి. నూనె ఉన్నంతసేపూ వత్తి చెక్కుచెదరదు, నూనె అయిపోగానే వత్తే కాలి నల్లబడుతుంది. మీ ట్యాంకులోనూ అంతే. నూనె లేకుండా హీటరును ఆన్‌లో ఉంచితే ముందు వత్తి మాడుతుంది, తర్వాత తీగ తెగుతుంది. పొగ రావడం మానేసిన యూనిట్లను విప్పి చూస్తే చాలావాటిలో కనిపించేది ఇదే.

1. కొనడానికి ముందు కొలవండి

ఒక కాగితం తీసుకుని నాలుగు అంకెలు రాయండి.

మొదటిది, ఫుల్ చార్జి చేసిన బ్యాటరీ వోల్టేజి, ట్యాంకు ఆపి ఉన్నప్పుడు.

రెండోది, అదే బ్యాటరీ వోల్టేజి, ట్యాంకు తివాచీ మీద ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నప్పుడు. మోటార్లు అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగేది అప్పుడే.

మూడోది, పొగ ప్లగ్గు దగ్గర వోల్టేజి, పొగ ఆన్‌లో ఉండి ట్యాంకు తిరుగుతున్నప్పుడు.

నాలుగోది, హీటరు తీగ రెసిస్టెన్సు. దీన్ని కొలిచేటప్పుడు యూనిట్‌ను బోర్డు నుంచి పూర్తిగా విడదీయాలి. పంపు మోటారు కూడా అదే జత తీగల మీద ఉంటే దాన్నీ విడదీయాలి, లేకపోతే తప్పు అంకె వస్తుంది. ముందు మీటరు కొనలు రెండూ ఒకదానికొకటి తాకించి, అక్కడ కనిపించిన కొద్దిపాటి అంకెను తర్వాత తీసేయండి.

ఇప్పుడు ఈ అంకెలు ఏం చెబుతున్నాయో చూడండి. రెసిస్టెన్సు అసలు చూపించకపోతే తీగ తెగింది, ముందే బోర్డును అనుమానించకండి. ఆపి ఉన్నప్పుడు 8 వోల్టులు ఉండి, తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గరే 6కు పడిపోతే బ్యాటరీ ముసలిదైంది. బ్యాటరీ దగ్గర 7.5 ఉండి పొగ ప్లగ్గు దగ్గర 5 మాత్రమే వస్తుంటే, మధ్యలో బోర్డో ప్లగ్గో తీగో వోల్టేజిని తినేస్తోంది. కొన్ని బోర్డులు ఇంజను వేగాన్ని బట్టి పొగ లైను వోల్టేజిని కావాలనే తగ్గిస్తాయి కాబట్టి, ఈ కొలతను ఇంజను ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు కూడా ఒకసారి తీసుకోండి.

నాలుగు అంకెలకు పట్టేది అరగంట. ఆ అరగంట మీచేత అనవసరపు ఆర్డర్లు మాన్పిస్తుంది.

2. బ్యాటరీ, ప్లగ్గు, తీగలు ముందు బాగుచేయండి

పాత ట్యాంకుల్లో 7.2 వోల్టుల నికెల్ బ్యాటరీ ఉంటుంది. కొత్తవాటిలో 7.4 వోల్టుల లిథియం అయాన్. మోటార్లు, శబ్దం, లైట్లు, పొగ అన్నీ ఒకేసారి నడపాలంటే రెండు సెల్సున్న మంచి లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినా దాని వోల్టేజి అంత తొందరగా పడిపోదు.

కానీ లిపోకు క్రమశిక్షణ కావాలి. ఫుల్ చార్జి సెల్లుకు 4.2 వోల్టులు, అంటే రెండు సెల్సుకు 8.4. నడుపుతూ సెల్లు 3.3 వోల్టులకు రాగానే ఆపేయండి. 3 కంటే కిందికి పోతే సెల్లు పాడవుతుంది. పాత నికెల్ బ్యాటరీ కోసం తయారైన బోర్డుకు ఎప్పుడు ఆపాలో తెలియదు. అందుకని బ్యాలెన్స్ ప్లగ్గుకు తగిలించే చిన్న వోల్టేజి అలారం తప్పనిసరిగా పెట్టండి. చార్జింగు ఎప్పుడూ లిపో కోసమే చేసిన బ్యాలెన్స్ చార్జరుతో, మీరు చూస్తుండగానే జరగాలి. రోజుల తరబడి వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి. ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్కసారి వాడదామని అస్సలు అనుకోవద్దు.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో వస్తున్న బంధువుల చేత బ్యాటరీ తెప్పించుకుంటున్నారా? విడి లిథియం బ్యాటరీ చెకిన్ సామానులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి, కొనలకు టేపు వేసి ఉండాలి. 100 వాట్-అవర్లలోపు ఉంటే మామూలుగా అనుమతిస్తారు. 7.4 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 37 వాట్-అవర్లే. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

తర్వాత ప్లగ్గు. చాలా ట్యాంకులకు వచ్చే తెల్లటి తమియా ప్లగ్గులో లోపలి రేకులు కాలక్రమంలో వదులవుతాయి. పది నిమిషాలు నడిపాక దాన్ని వేలితో ముట్టుకోండి. వేడిగా ఉంటే అక్కడ మీ కరెంటు వృథా అవుతోందన్నమాట. దాని బదులు ఎక్స్‌టీ60 లేదా టీ ప్లగ్గు వేయండి. బ్యాటరీ నుంచి బోర్డుకు వెళ్లే ప్రధాన తీగలు 16 గేజి సిలికాన్ తీగలైతే చాలు. పొగ లైనుకు 20 లేదా 22 గేజి సరిపోతుంది.

ఈ మెట్టు పూర్తయ్యాక మళ్లీ ఆ నాలుగు అంకెలూ కొలవండి. ఒక్కోసారి పొగ సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది. తీరిపోతే ఆగిపోండి!

3. పొగకు సొంత లైను ఇవ్వండి

ఈ అధ్యాయంలో ఒక్క పనే చేయగలరనుకుంటే ఇది చేయండి.

బోర్డు మీద పొగ కోసం ఉన్న చిన్న ట్రాన్సిస్టరు, తనతో వచ్చిన హీటరు వరకే తట్టుకుంటుంది. హీటరు కరెంటును బోర్డు మీంచి తప్పించి నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వండి. బోర్డు చేత ఆన్, ఆఫ్ అనే మాట మాత్రమే చెప్పించండి. దీనికి కావలసినవి ఇవి:

- ఒక ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్
- ఒక పీసీ817 ఆప్టోకప్లర్
- ఒక 680 ఓముల, ఒక 10 కిలో ఓముల రెసిస్టరు
- ఒక 1ఎన్5819 డయోడు
- ఒక బ్లేడ్ ఫ్యూజు, దాని హోల్డరు

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చుట్టులో దొరికే సామాన్లు.

కలపడం ఇలా. బోర్డు పొగ ప్లగ్గు నుంచి వచ్చే రెండు తీగల్ని 680 ఓముల రెసిస్టరు మీదుగా ఆప్టోకప్లర్ లోపలి ఎల్‌ఈడీకి ఇవ్వండి. ప్లస్సు ప్లస్సుకే వెళ్లాలి. బ్యాటరీ ప్లస్సు నుంచి ఫ్యూజు దాటి వచ్చిన తీగను హీటరు ఒక కొనకు, ఆప్టోకప్లర్ కలెక్టరుకు ఇవ్వండి. హీటరు రెండో కొన మాస్‌ఫెట్ డ్రెయిన్‌కు. సోర్సు బ్యాటరీ మైనస్సుకు. ఆప్టోకప్లర్ ఎమిటరు మాస్‌ఫెట్ గేటుకు. గేటుకూ సోర్సుకూ మధ్య 10 కిలో ఓముల రెసిస్టరు. ఈ చివరి రెసిస్టరు మరిచిపోతే బోర్డు ఆఫ్ అన్నా హీటరు ఆగకపోవచ్చు.

ఆప్టోకప్లర్ ఎందుకు, గేటును నేరుగా బోర్డుకే కలిపితే సరిపోదా? కొన్ని బోర్డులు పొగ లైనులో ప్లస్సును ఎప్పుడూ ఉంచి, మైనస్సును మాత్రమే తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అలాంటిదానికి గేటును నేరుగా కలిపితే అంతా తలకిందులవుతుంది. ఆప్టోకప్లర్ ఉంటే మీ బోర్డు ఏ రకమో తెలియకపోయినా పని జరుగుతుంది.

పంపు మోటారును బోర్డు మీదే ఉండనివ్వండి. అది లాగే కరెంటు తక్కువ. పైగా ఇంజను వేగంతోపాటు పంపు వేగాన్ని మార్చే బోర్డుల్లో ఆ సదుపాయం చెడదు. మోటారు రెండు కొనల మధ్య డయోడు వేయండి, గీత ఉన్న వైపు ప్లస్సుకు.

ఫ్యూజు ఎంతది? హీటరు లాగే కరెంటుకు రెట్టింపు దాటకుండా చూసుకోండి. 1.2 ఆంపియర్లు లాగే హీటరుకు 2 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టండి.

4. హీటరు లెక్క చేతిలో ఉంచుకోండి

ఒక చిన్న సంభాషణ వినండి. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్త లిపో పెట్టాక పొగ భలే వచ్చింది, ఐదు నిమిషాల తర్వాత మాత్రం పూర్తిగా ఆగిపోయింది."

"ఎన్ని సెల్సురా?"

"మూడు."

"హీటరు?"

"పాతదే అన్నా."

ఏం జరిగిందో కాగితం మీద చూద్దాం. హీటరు 7 ఓములు అనుకోండి. వోల్టేజిని ఓములతో భాగిస్తే ఆంపియర్లు. ఆంపియర్లను మళ్లీ వోల్టేజితో గుణిస్తే వాట్లు. 7.4 వోల్టుల దగ్గర దాదాపు 1.06 ఆంపియర్లు, అంటే 8 వాట్లకు కాస్త తక్కువ. 8.4 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు, 10 వాట్లు. మూడు సెల్సు ఫుల్ చార్జిలో 12.6 వోల్టులు. అక్కడ 1.8 ఆంపియర్లు, దాదాపు 23 వాట్లు! వోల్టేజి ఒకటిన్నర రెట్లే పెరిగింది, వేడి మాత్రం రెండు రెట్లు దాటింది. వత్తి నూనెను అందించే వేగం అంతే ఉంది కాబట్టి తీగ ఎండిపోయి తెగింది.

మూడు సెల్సే కావాలనుకుంటే పొగ లైనుకు ముందు ఎల్‌ఎమ్2596 లాంటి స్టెప్‌డౌన్ మాడ్యూలు పెట్టి 7 నుంచి 7.5 వోల్టుల మధ్యకు తెచ్చుకోండి. దాని మీద 3 ఆంపియర్లని రాసి ఉన్నా, గాలి ఆడని ట్యాంకు కడుపులో 2 లోపు వాడటం మంచిది. అలాగే మోటార్లనూ బోర్డునూ మూడు సెల్సుకు తట్టుకునేలా చేశారో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

తెగిన హీటరును మీరే చుట్టుకోవచ్చు. 0.2 మిల్లీమీటర్ల నైక్రోమ్ తీగ మీటరుకు దాదాపు 34 ఓములు ఉంటుంది. 20 సెంటీమీటర్లు తీసుకుంటే 7 ఓములకు దగ్గరగా వస్తుంది. చుట్లు ఒకదానికొకటి తగలకుండా గ్లాస్ ఫైబర్ వత్తి మీద సమానంగా చుట్టండి. దూది వత్తి వద్దు, మాడుతుంది.

నైక్రోమ్‌కు మామూలు సోల్డరు సరిగా అంటదు. అంటినా, మామూలు సోల్డరు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి వేడి తీగ పక్కన అది నిలవదు. తీగ కొనల్ని చిన్న ఇత్తడి గొట్టంలో నొక్కి బిగించండి, లేదా ఇత్తడి స్క్రూ కింద పట్టించండి. రాగి తీగకు సోల్డరింగు గదికి దూరంగా చేయండి.

విదేశీ వీడియోల్లో కొందరు ఈ-సిగరెట్ల హీటర్లు వాడతారు. వాటి రెసిస్టెన్సు చాలా తక్కువ. 1 ఓము హీటరును 7.4 వోల్టులకు కలిపితే 7 ఆంపియర్లు దాటుతుంది, 55 వాట్ల వేడి పుడుతుంది. పైగా మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకమే నిషిద్ధం. ఆ దారి వదిలేయండి.

5. నూనె విషయంలో ప్రయోగాలు వద్దు

మోడల్ రైళ్ల కోసం, మోడల్ ట్యాంకుల కోసం అమ్మే పొగ నూనె శుద్ధి చేసిన పారఫిన్ రకం. వీలైతే అదే వాడండి. దొరక్కపోతే వాసన, రంగు లేని పల్చటి లిక్విడ్ పారఫిన్ దగ్గరి ప్రత్యామ్నాయం. సెంటు కలిపిన బేబీ ఆయిల్ పొగ ఇస్తుంది కానీ వత్తి మీద జిగురు మిగులుస్తుంది. కొబ్బరినూనె, వంటనూనెలు వేడికి చిక్కబడి గదిని మూసేస్తాయి.

కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్ జోలికి అసలు పోవద్దు. కిరోసిన్ ఆవిరి అంటుకోవడానికి 38 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. మన వేసవి మధ్యాహ్నం అంతకంటే ఎక్కువే ఉంటుంది.

డీజే ఫాగ్ మిషన్లలో పోసే గ్లైకాల్ ద్రవం నీళ్లు కలిసినది. అది ఆ మిషన్ల కోసం చేసినది. పారఫిన్ వాడిన వత్తి మీద దాన్ని పోస్తే రెండూ కలవవు, గది చిటపటమంటూ వేడి తుంపరలు కక్కుతుంది.

ఎంత పోయాలి? చిన్న సిరంజితో 1 నుంచి 2 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే హీటరు నూనెలో మునిగి చల్లబడుతుంది, పొగ రాదు. "నూనె నిండా పోశాను, అయినా రావట్లేదు" అనేవాళ్లకు తరచుగా ఇదే కారణం. ట్యాంకును వంచి అదనపు నూనెను టిష్యూ మీదికి వంపేయండి.

ఇంకో మాట. ఈ పొగ చూడటానికే, పీల్చడానికి కాదు. సన్నటి నూనె తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయట గానీ, కిటికీలు తెరిచిన గదిలో గానీ నడపండి. ఉబ్బసం ఉన్న పిల్లలు, పెద్దలు ఉన్న ఇంట్లో లోపల పొగ పెట్టకండి.

6. ప్లాస్టిక్‌ను వేడి నుంచి కాపాడండి

చాలా ట్యాంకుల బాడీ ఏబీఎస్ ప్లాస్టిక్. అది 100 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. హీటరు గది అంతకంటే వేడెక్కుతుంది. కాబట్టి యూనిట్ నేరుగా బాడీకి ఆనకుండా చిన్న అల్యూమినియం పట్టీ మీద, చుట్టూ వేలు దూరేంత ఖాళీ వదిలి బిగించండి. పొగ పైపు సిలికాన్‌దైతే మంచిది, మామూలు ప్లాస్టిక్ ట్యూబు వేడికి నలిగి మూసుకుపోతుంది. పైపును వీలైనంత పొట్టిగా, కొద్దిగా పైకి వాలేట్టు అమర్చండి. అప్పుడు చల్లబడిన నూనె చుక్కలు బయటికి కారకుండా మళ్లీ గదిలోకే వస్తాయి. బ్యాటరీ మాత్రం యూనిట్‌కు దూరంగా, రెండో కొసన ఉండాలి.

7. బోర్డు ఎప్పుడు మార్చాలి?

పై మెట్లన్నీ ఎక్కాక కూడా మీకు ఇంకా కావాలనిపిస్తే అప్పుడు బోర్డు మార్చండి. మీకు ఏం కావాలి అన్న ప్రశ్నకు జవాబును బట్టి దారి ఎంచుకోండి.

*ఎక్కువ శ్రమ లేకుండా మెరుగుదల కావాలా?* పాత 27 మెగాహెర్ట్జ్ హెంగ్ లాంగ్ ట్యాంకు ఉంటే అదే కంపెనీ 2.4 గిగాహెర్ట్జ్ బోర్డు, రిమోట్ జతగా కొనండి. వేగం మీద పట్టు పెరుగుతుంది, పక్కవాడి రిమోట్‌తో గొడవ తగ్గుతుంది.

*శబ్దం అసలు ట్యాంకులా ఉండాలా?* జర్మనీకి చెందిన బెనెడిని లాంటి విడి సౌండ్ మాడ్యూల్సు, వాటితో రెండు మోటార్లను కలిపి నడిపే డ్యూయల్ స్పీడ్ కంట్రోలరు, విడి రిసీవరు తీసుకోవచ్చు. ఖర్చూ తీగలూ పెరుగుతాయి, కానీ ఏ ఒక్కటి చెడినా దాన్నే మార్చుకోవచ్చు.

*ప్రతిదీ మీ చేతుల్లో ఉండాలా?* ఓపెన్ పాంజర్ అనే ఓపెన్ సోర్సు ప్రాజెక్టు బోర్డు ఉంది. దాని గుండె ఆర్డునో మెగాలో ఉండే ఏటీమెగా2560 చిప్పే. ఆర్డునోతో ఇదివరకే ఆడుకున్న ఇంజనీరింగు విద్యార్థులకు ఇది మంచి పాఠశాల.

*మీది తమియా ట్యాంకా?* దానికి తమియా కంపెనీ సొంత కంట్రోలు యూనిట్లుంటాయి. వేరే కంపెనీ బోర్డు పెట్టేముందు ప్లగ్గుల పిన్నులు ఒక్కొక్కటీ సరిచూసుకోండి. ప్లగ్గు దూరింది కదా అని వరస కూడా ఒకటేనని నమ్మకండి.

ఏ బోర్డైనా సరే, పాతది తీసేముందు ప్రతి ప్లగ్గుకూ కాగితం టేపు అంటించి పేరు రాయండి: ఎడమ మోటారు, కుడి మోటారు, టరెట్, గన్ను, స్పీకరు, పొగ. రెండు వైపుల నుంచి ఫొటోలు తీయండి. ఆ పది నిమిషాలు మీ ఆదివారాన్ని కాపాడతాయి.

8. అదురులు, గరగరలు తగ్గించండి

కొత్త బోర్డు పెట్టాక కూడా టరెట్ అదురుతోందా? స్పీకరు గరగరమంటోందా? బ్రష్‌లున్న మోటార్లు తిరిగేటప్పుడు నిప్పురవ్వలు పుట్టి, ఆ గోల తీగల గుండా అంతటా పాకుతుంది. ప్రతి మోటారు రెండు కొనల మధ్య 104 అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటరు ఒకటి, ఒక్కో కొన నుంచి మోటారు డబ్బాకు ఒకటి చొప్పున ఇంకో రెండు సోల్డరు చేయండి. పంపు మోటారుకు కూడా కొనల మధ్య ఒకటి వేయండి. మోటారు తీగలు రెండింటినీ జడలా అల్లండి. రిసీవరు యాంటెనాను మోటార్లకు, పంపుకు, లోహపు బాడీకి దూరంగా, నిటారుగా నిలపండి.

9. పొగను అసలు ట్యాంకుతో సరిపోల్చండి

ఇక అందం సంగతి. పొగ ఎంత ఎక్కువ వస్తే అంత సహజం అనుకుంటున్నారా? అసలు యంత్రాన్ని చూసి నిర్ణయించుకోండి. టైగర్ 1లో ఉన్నది మేబాక్ పెట్రోలు ఇంజను. టీ-34లో ఉన్నది వీ-2 డీజిల్ ఇంజను. డీజిల్ ఇంజను స్టార్టు చేసినప్పుడూ, బరువు మీద పడి లాగినప్పుడూ గుప్పుమంటుంది, నిలబడి ఉన్నప్పుడు తగ్గుతుంది. పంపు వేగాన్ని ఇంజనుతోపాటు మార్చగల బోర్డు ఉంటే నిదానంలో తక్కువ, ఒక్కసారిగా కదిలినప్పుడు ఎక్కువ వచ్చేలా అమర్చుకోండి. హీటరును పంపు కంటే కొన్ని సెకన్లు ముందే ఆన్ చేస్తే మొదటి గుప్పు నిండుగా వస్తుంది.

ఆగకుండా తెల్లటి మేఘం రావడం తప్పు కాదనిపించే ట్యాంకులూ ఉన్నాయి. టీ-55, టీ-72, బీఎంపీ-2 వంటి సోవియట్ డిజైన్లు తమ డీజిల్‌నే వేడి ఎగ్జాస్టులోకి చిమ్మి పొగ తెర సృష్టించుకోగలవు. వేడికి ఆవిరవడం, చల్లగాలికి తుంపరవడం అనే అదే సూత్రం మీ చిన్న యూనిట్‌లోనూ ఉంది. మన దగ్గర బీఎంపీ-2ను 'సారథ్' పేరుతో మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. ఆ మోడల్ కట్టాలనుకునే తెలుగు కుర్రాళ్లకు ఈ పొగ తెర ఒక మంచి లక్ష్యం.

10. నేల మీదికి దింపేముందు టేబుల్ పరీక్ష

1. ట్యాంకును చెక్కముక్కల మీద ఎత్తి, ట్రాకులు గాలిలో తిరిగేలా పెట్టండి.
2. పై బాడీ తెరిచి ఉంచండి. పొగ ఆఫ్‌లో పెట్టి మోటార్లు, టరెట్, శబ్దం ఒక్కొక్కటీ చూడండి.
3. నూనె పోసి పొగ మాత్రమే ఆన్ చేయండి. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల గుంటలోకి మార్చి, హీటరు కరెంటు కొలవండి. కాగితం మీద లెక్కకు దగ్గరగా ఉందా?
4. ఇప్పుడు అన్నీ కలిపి ఐదు నిమిషాలు నడపండి. ఆపి, బ్యాటరీ విప్పి, మాస్‌ఫెట్, ప్లగ్గు, ఫ్యూజు హోల్డరు వేలితో తాకి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు. వేలు ఉంచలేనంత వేడి ఉంటే అక్కడ ఆగి కారణం వెతకండి.
5. అన్నీ సరిగ్గా ఉంటేనే పై బాడీ మూసి నేల మీదికి దింపండి.

తరచుగా చేసే పొరపాట్లు

- ఒకే రోజు బ్యాటరీ, హీటరు, బోర్డు మూడూ మార్చేయడం. తర్వాత ఏది చెడిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.
- నూనె అయిపోయినా పొగ స్విచ్ ఆన్‌లోనే మరిచిపోవడం.
- ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగి తీగ చుట్టడం. ఫ్యూజు పోతోందంటే అది తన పని తాను చేస్తోంది.
- సోల్డరు చేసిన చోట హీట్ ష్రింక్ బదులు మామూలు టేపు చుట్టి వదిలేయడం. నూనె తగిలితే ఆ టేపు జారిపోతుంది.
- నడపడం అయ్యాక నూనెతోనే ట్యాంకును అలమారలో పక్కకు పడుకోబెట్టడం. నూనె బోర్డు మీదికి పాకుతుంది. వంపేసి, బ్యాటరీ బయటికి తీసి, ట్రాకుల మీదే నిలబెట్టి ఉంచండి.

ఇదంతా చదివి పని పెద్దదనిపిస్తోందా? ఈ ఆదివారం మొదటి మెట్టు ఒక్కటే ఎక్కండి. మీటరు పట్టుకుని నాలుగు అంకెలు రాసి, ఆ కాగితం ట్యాంకు పెట్టెలో పెట్టండి. ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో ఆ కాగితమే చెబుతుంది. వచ్చే వారం రెండో మెట్టు. తొందర లేదు. ఇంట్లో చిన్నవాళ్లుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని అంకెలు వాళ్లచేత రాయించండి. ఓమ్ సూత్రాన్ని మార్కుల కోసం బట్టీ పట్టేవాళ్లు, తమ ట్యాంకులోంచి పొగ తెప్పించడానికి దాన్ని వాడి చూస్తే ఇక మరిచిపోరు.